పలకరాయి, చెరువుకట్ట – మార్కాపుర సీమ

మన ఇండ్లలో ఏబది ఏండ్లు దాటిన వారెవరైనా తమ అక్షరాభ్యాసం నాటి సంగతి తలచుకొంటే, ముందుగా జ్ఞాపకానికి వచ్చేది నల్లని రాతి పలక. చుట్టూ కొయ్య చట్రం, చేతిలో బలపం. వ్రాసినది తుడిచేందుకు తడిగుడ్డ, నలుపు నిగ్గు తేల్చేందుకు దొండాకు. చేయి జారి నేలపై పడితే పలక పగిలేది. ఆ పూటకు ఇంట్లో చీవాట్లు తప్పేవి కావు. ఆ పలక ఏ ఊరినుండి వచ్చిందని మాత్రం ఆ వయసులో మనమెవ్వరమూ అడుగలేదు. తెలుగు బడులకే గాక దేశంలోని ఎన్నో రాష్ట్రాల బడులకు పలకలను పంపిన ఊరు మార్కాపురం. నల్లమల కొండలకు తూర్పున ఉన్న ఆ పట్టణాన్నీ, దాని చుట్టుపట్ల గల త్రిపురాంతకం, కంభం, గిద్దలూరులనూ ఈ ప్రసంగంలో శ్రోతలకు పరిచయం చేయదలచినాము.

ఈ సీమకు సముద్రం చాలా దూరం. అయినా దీని చరిత్ర సముద్రంతోనే ఆరంభమవుతుంది. నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఇక్కడ నీటి అడుగున బంకమన్ను పొరలు పొరలుగా పేరుకొన్నది. పైబరువుకూ, భూగర్భంలోని ఒత్తిడికీ, వేడికీ ఆ మన్ను గట్టిపడి పలకరాయి అయినది. ఉలి మోపి నేర్పుగా తట్టితే అది పొరలుగా విడిపోవడానికి కారణం ఆ ఒత్తిడియే. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు ప్రాంతాల శిలలను గూర్చి 1872లో ప్రకటించిన గ్రంథంలో ఈ రాతి వరుసకు కంభం పేరే పెట్టినాడు. నేటికీ భూగర్భ శాస్త్రంలో ఆ పేరే చెల్లుతున్నది. ఒక చిన్న ఊరి పేరు ఇట్లా శాస్త్రగ్రంథాలకు ఎక్కినది.

మార్కాపురానికి ఆ పేరు ఎట్లా వచ్చిందంటే స్థానికులు రెండు కథలు చెబుతారు. మార్కండేయ మహర్షి తపస్సు చేసిన చోటని కొందరూ, మారిక అనే స్త్రీ పేరు మీద వెలసిన మారికాపురమే మార్కాపురమైనదని మరికొందరూ అంటారు. కథల మాట ఎట్లా ఉన్నా, ఊరికి నడిబొడ్డు లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయమే. మండపంలోని స్తంభాలు విజయనగర కాలపు శిల్పుల పనితనాన్ని చూపుతాయి. 16వ శతాబ్దిలో, సదాశివరాయల ఏలుబడినాటి శాసనాలు ఇక్కడ దొరికినవి. ఆనాడు ఈ ప్రాంతం కొచ్చెర్లకోట సీమలోనిది. దేవునికి గ్రామాలను సమర్పించడం, ఆ గ్రామాల ఆదాయంతో నిత్యసేవలు జరగడం, సేవలను ఆశ్రయించి వృత్తులవారు నిలద్రొక్కుకోవడం, అంగళ్లు పెరిగి పల్లె పట్టణం కావడం – విజయనగర కాలంలో అనేక ఊళ్లు పెరిగిన క్రమం ఇదే. స్వామివారి రథం కదిలేనాడు చుట్టుపట్ల పల్లెలన్నీ మార్కాపురం వీధుల్లోనే ఉంటాయి.

ఆలయం ఊరికి పేరు తెచ్చినది. పలక ఊరికి కూడు పెట్టినది. గోతులలోనుండి రాతిదిమ్మెలను పెకలించి, ఉలితో పొరలుగా చీల్చి, కొలతకు కోసి, అరగదీసి, చట్రం బిగిస్తేనే పలక. ఈ పనులలో మగవారితోబాటు ఆడవారూ తరతరాలుగా చెమటోడ్చినారు. మేము ఒక కార్యక్రమం నిమిత్తం రికార్డింగు యంత్రంతో ఆ ఊరు వెళ్లినప్పుడు, ఒక వృద్ధ కార్మికుడు మా ఎదుట దిమ్మెను నిలిపి అంచున ఉలి మోపినాడు. రెండు దెబ్బలు. కాగితం చిరిగినంత మెత్తని చప్పుడుతో రాయి రెండు రేకులైనది.

"ఈ రాయికి పొర ఉంటాది సారూ. పొర తెలిసినోడికి ఉలి చాలు, తెలవనోడికి సమ్మెట చాలదు" అన్నాడు ఆయన. ఆ మాట పూర్తి అయీ కాకముందే దగ్గు తెర వచ్చినది. చాలాసేపు ఆగలేదు.

ఆ దగ్గుకు వైద్యులు పెట్టిన పేరు సిలికోసిస్. రాయి కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి గూడుకట్టుకొంటుంది. ఒకసారి పట్టుకొన్న జబ్బును పూర్తిగా నయం చేయగల మందు లేదు. నీటితో తడుపుతూ కోయడం, ధూళిని పీల్చివేసే యంత్రాలను అమర్చడం, ముక్కుకు తగిన రక్షణ వాడటం – నివారణోపాయాలు ఇవే. ఇవి తెలియనివేమీ కావు, ఖర్చుకూ శ్రద్ధకూ సంబంధించినవి మాత్రమే. తరువాత రోజులలో కాగితపు పుస్తకాలు చౌక అయి, తేలికపాటి పలకలు వచ్చి, రాతి పలకకు గిరాకీ తగ్గినది. అప్పుడు మార్కాపురం తన రాతిని ఇంటి గోడలకూ, నేలకూ, పైకప్పులకూ పరిచే అలంకారపు పలకలుగా కోసి విదేశాలకు పంపడం నేర్చుకొన్నది. సరుకు మారినది గాని రాయి మారలేదు, ధూళీ మారలేదు. స్టూడియోకు తిరిగివచ్చిన తరువాత ఆ దగ్గును రికార్డింగులోనుండి కత్తిరించాలా అని మాలో మేము తర్కించుకొన్నాము. కత్తిరించలేదు. మన చదువుకు పునాది వేసిన పలక వెనుక ఎవరి ఊపిరి ఖర్చయినదో శ్రోతలు వినవలెననే మా అభిప్రాయం.

మార్కాపురానికి ఈశాన్యంగా త్రిపురాంతకం ఉన్నది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని ప్రసిద్ధి – తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. కొండపై త్రిపురాంతకేశ్వరుడు, దిగువన బాలాత్రిపురసుందరి కొలువైయున్నారు. యాత్రికునికి ఇది పుణ్యక్షేత్రం. చరిత్ర విద్యార్థికి రాతిలో చెక్కిన గ్రంథాలయం. కాకతీయుల కాలపు శాసనాలు ఇక్కడ విస్తారంగా ఉన్నవి. రుద్రమదేవి ఏలుబడి చివరి కాలంలో కాయస్థ నాయకుడైన అంబదేవుడు స్వతంత్రించి, 1290లో ఇక్కడ వేయించిన శాసనంలో తాను గెలిచిన వారి పేర్లను ఏకరువు పెట్టినాడు. మరుసటి ఏటికే కాకతీయులు ఈ ప్రాంతాన్ని తిరిగి కైవసం చేసికొన్నారు. గెలిచినవాడూ, అతనిని గెలిచినవాడూ తమ మాట చెప్పుకొనేందుకు ఒకే దేవుని సన్నిధిని ఎన్నుకొన్నారంటే, ఆనాడు ఈ కొండకు ఉండిన ప్రతిష్ఠ ఎంతటిదో ఊహింపవచ్చును.

ఇక మార్కాపురానికి నైరుతి దిశగా పోతే కంభం. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం ప్రాంతాన పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకుదారిన వచ్చేచోట ఎవరో దూరదృష్టి గలవారు అడ్డుకట్ట వేసినారు. అదే కంభం చెరువు. కృష్ణదేవరాయల దేవేరి, గజపతి కుమార్తె అయిన వరదరాజమ్మ దీనిని కట్టించినదని జనశ్రుతి. గజపతితో సంధి కుదిరినమీదట జరిగిన ఆ వివాహం సుఖించలేదనీ, రాణి భర్తకు దూరంగా కంభంలోనే కాలం గడిపినదనీ, తన వేదనను ఐదు సంస్కృత శ్లోకాలుగా వ్రాసుకొన్నదనీ కూడా చెప్పుకొంటారు. జనశ్రుతిని శాసనంతో సమానంగా తూచరాదు. కాని ఒంటరి అయిన ఒక స్త్రీ తన దుఃఖాన్ని దిగమింగి పదిమంది పొలాలకు నీరిచ్చినదని ఈ ప్రాంత ప్రజలు ఇన్ని తరాలుగా నమ్మడంలో, వారు దేనిని గొప్పతనంగా ఎంచినారో తెలుస్తున్నది.

20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ప్రకటింపబడిన ఇంపీరియల్ గెజిటీరు ఈ చెరువు లెక్కలు ఇచ్చినది. కట్ట ఎత్తు 57 అడుగులు. నీరు చేరే పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్లు. సాగయ్యే భూమి 10,300 ఎకరాలు. చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, సగటు వెడల్పు మూడున్నర కిలోమీటర్లు. ఇంత నీటిని నిలిపిన కట్ట మాత్రం చిన్నది. కొండలే రెండు వైపులా గోడలైతే, మనిషి పూడ్చవలసింది నడుమ ఉన్న సందును మాత్రమే. ఆ సందును గుర్తించిన చూపే ఇక్కడి అసలైన పనితనం.

ఇది అదాటున తట్టిన ఉపాయమని అనుకోరాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు వద్ద, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం చెరువు నిర్మాణానికి పన్నెండు అంగాలను, ఆరు దోషాలను చెప్పినది. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రమెరిగినవాడు, గట్టి నేల, దూరంనుండి వచ్చే తీయని నీటి యేరు, ఇరువైపులా కొండలు, వాటి నడుమ మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట, దగ్గరలో రాతి గని, నేర్పరులైన పనివారు – ఇవి ఆ అంగాలలో కొన్ని. దినానికి వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో రెండేండ్లు పనిచేసి ఆ చెరువును ముగించినారట. ఈ కొలమానంతో చూస్తే కంభం చెరువు శాస్త్రానికి చక్కని ఉదాహరణ. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో కంభం చెరువునూ, పోరుమామిళ్ల చెరువునూ, కర్నూలు-కడప కాలువనూ వారసత్వ సాగునీటి కట్టడాలుగా గుర్తించినది.

కంభం దాటి నైరుతిగా సాగితే గిద్దలూరు. కోయిలకుంట్ల సీమ పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తన వంశానికి రావలసిన భరణం విషయమై కంపెనీవారు చేసిన అవమానాన్ని సహింపక 1846లో తిరుగబడినప్పుడు, గిద్దలూరు వద్ద కంపెనీ దండుతో పోరాడినాడు. నల్లమల అతనికి కొన్నాళ్లు అండనిచ్చినది. అక్టోబరులో పట్టుబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కినాడు.

మరి ముప్పదేండ్లకు వచ్చినది ధాత కరువు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశాన్ని పీడించిన ఆ కరువులో, ధాన్యం ఉన్నచోటినుండి లేనిచోటికి చేర్చే దారి లేక జనం మలమల మాడిపోయినారు. ఆ అనుభవంతోనే గుంతకల్లునుండి నంద్యాల, గిద్దలూరు, కంభం మీదుగా కృష్ణాతీరానికి రైలుమార్గం తలపెట్టినారు. నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ నల్లమలను దాటడం సులభం కాలేదు. బొగద వద్ద కొండను తొలిచినారు. దొరబావి లోయపై ఎత్తైన ఇనుప వంతెన కట్టినారు. ఒక శతాబ్దానికి పైగా మీటరుగేజి బండ్లు నడిచిన పిమ్మట 1990ల దశకంలో మార్గం బ్రాడ్‌గేజి అయినది. వంతెన ఉన్న పాత దారిని విడిచిపెట్టినారు. నేడు రైలులో అడవిని చూస్తూ ఆనందించే ప్రయాణికుడు, ఈ పట్టాలను పరిపించినది ఆకలి అని ఒక్క నిమిషం తలచుకోవడం మంచిది.

ఈ సీమ కథలో మరొక్క సంగతి గమనింపదగినది. 1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన మండలాలలో ఇది కడప జిల్లాతో చేరినది. 1858లో కర్నూలు జిల్లాకు మారినది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. ఆ జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. ఏ జిల్లాలో చేర్చినా ఇది అంచున ఉన్న ప్రాంతమే అయినది. కచేరీ ఎప్పుడూ దూరంగానే ఉండేది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరు దోషాలలో, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఒకటి. ఎవరికీ పూర్తిగా సొంతం కాని చెరువును ఎవరూ బాగుచేయరని పూర్వులకు తెలుసును. ఆ మాట ఊళ్లకు కూడా వర్తిస్తుంది.

మార్కాపురం చుట్టుపట్ల పల్లెలు ఫ్లోరైడు కలిసిన భూగర్భజలంతో దీర్ఘకాలం బాధపడినవి. కృష్ణ నీటిని కొండల కిందుగా తెచ్చే వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగినది. దానికై జీవితకాలం పోరిన ప్రజానాయకుడు పూల సుబ్బయ్యగారి పేరే ఆ పథకానికి పెట్టినారు. రెండు సొరంగాలలో ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైబడి సాగినది. రెండవదాని తవ్వకం ముగిసేసరికి 2024వ సంవత్సరం వచ్చినది. ఆ నీరు నిలిచేందుకు నల్లమల సాగరం అనే జలాశయాన్ని సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల నడుమ సందులను ఆనకట్టలతో మూసి ఏర్పరచినారు. ఉపాయం పాతదే. కంభంలో ఒక సందు, ఇక్కడ మూడు.

ఈ సీమను చూడబోయే మన శ్రోతలు వర్షాలు కురిసిన తరువాత వెళ్లితే మంచిది. ఉదయం చెన్నకేశవుని సేవించి, త్రిపురాంతకం కొండ చూచి, మరునాటి సాయంకాలానికి కంభం కట్టమీదికి చేరుకొనవలెను. మేము చేరుకొన్ననాడు అక్కడ పశువుల కాపరి ఒకడు కట్ట రాళ్ల నడుమ మొలిచిన రావి మొక్కను పీకి అవతల పారవేస్తున్నాడు. ఎవరు చెప్పినారని మేమడిగితే, "వేరు దిగితే రాయి కదలదా? కట్టకు ఒకరు చెప్పాల్నా?" అని ఎదురు ప్రశ్న వేసినాడు. ఇన్ని వందల ఏండ్లుగా ఆ నీరు నిలిచిన రహస్యం మాకు ఆ జవాబులోనే దొరికినది.