మీట నొక్కేదెవరు?

2000 సెప్టెంబరు చివరి వారం. అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్ శివార్లలో తర్నాక్ ఫామ్స్ అనే ఆవరణ మీద పైలట్ లేని విమానం ఒకటి చక్కర్లు కొడుతోంది. దాని కెమెరా పంపుతున్న దృశ్యంలో తెల్లని అంగీ తొడుక్కున్న పొడవాటి మనిషి, అతని చుట్టూ కాపలాదారులు కనిపించారు. అతను ఒసామా బిన్ లాడెనే అయివుంటాడని అమెరికా గూఢచార సంస్థ సీఐఏ విశ్లేషకులు తేల్చారు. కానీ ఆ విమానంలో కెమెరా తప్ప ఆయుధం లేదు. చూసినవాళ్లు చూస్తూ ఉండిపోయారు.

ఆ విమానం పేరు ప్రెడేటర్. సుమారు ఏడాది తర్వాత, 2001 అక్టోబరు 7 రాత్రి, అదే కాందహార్ ప్రాంతంలో అదే రకం విమానం క్షిపణి వదిలింది. ఈ ఏడాది కాలంలో యంత్రంలో వచ్చిన మార్పు కొంచెమే. పెద్ద మార్పు వాషింగ్టన్ సమావేశ గదుల్లో వచ్చింది. డ్రోన్ల చరిత్రను చాలామంది ఇంజినీర్ల కథగా చెబుతారు. నాకు మాత్రం అది లాయర్ల కథగా, మంత్రుల కథగా, జవాబు చెప్పాల్సిన బాధ్యతను కొద్దికొద్దిగా వదిలించుకున్న ప్రభుత్వాల కథగా కనిపిస్తుంది.

ఇంజినీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అబ్రహాం కారెమ్ 1937లో బాగ్దాద్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే ఇజ్రాయెల్ వెళ్లాడు. అక్కడి విమాన పరిశ్రమలో పనిచేసి, 1970ల చివర్లో అమెరికా చేరి, లాస్ ఏంజెలెస్ దగ్గర తన ఇంటి గ్యారేజీలో గంటల తరబడి గాలిలో ఉండగల తేలికపాటి విమానం తయారుచేశాడు. కంపెనీ పెట్టాడు, దివాలా తీశాడు. ఆయన నమూనాలు చివరికి జనరల్ అటామిక్స్ సంస్థ చేతికి వచ్చాయి. వాటి వారసురాలే 1994లో తొలిసారి ఎగిరిన ప్రెడేటర్. నాలుగు సిలిండర్ల చిన్న ఇంజిన్, సుమారు 15 మీటర్ల రెక్కలు, గంటకు 130 కిలోమీటర్ల చొప్పున సాగే నిదానమైన ప్రయాణం. హైవే మీద కారు దాన్ని దాటిపోగలదు. దాని బలం వేగంలో లేదు, రోజంతా ఒకేచోట తిరుగుతూ కింద ఉన్న మనిషిని కనిపెట్టుకుని ఉండే ఓపికలో ఉంది. 1995లో బోస్నియా యుద్ధంలో దాన్ని వాడింది నిఘాకే.

దానికి క్షిపణి తగిలించాలనుకున్నప్పుడు మొదటి అడ్డంకి ఒక పాత ఒప్పందం. 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం వెళ్లే, భూమి నుంచి ప్రయోగించే క్షిపణులను నిషేధిస్తూ 1987లో రీగన్, గోర్బచేవ్ సంతకాలు చేశారు. నేల మీది నుంచి లేచి, మనిషి లేకుండా ఎగిరి, పేలుడు పదార్థం మోసుకెళ్లే యంత్రం ఆ నిషేధం కిందికి రాదా? లాయర్లు తర్జనభర్జన పడి చివరికి ఒక తేడా పట్టుకున్నారు. క్రూయిజ్ క్షిపణి వెళ్తే తిరిగిరాదు, ప్రెడేటర్ తిరిగొచ్చి దిగుతుంది, కాబట్టి ఇది క్షిపణి కాదు. దారి తెరుచుకుంది. 2001 ఫిబ్రవరిలో, హెలికాప్టర్ల నుంచి ట్యాంకుల మీద ప్రయోగించే హెల్‌ఫైర్ క్షిపణిని గాలిలో ఉన్న ప్రెడేటర్ నుంచి పేల్చి చూశారు. పనిచేసింది.

రెండో అడ్డంకి జర్మనీ. 2000లో ఆ నిఘా విమానాలను నడిపింది జర్మనీలోని రామ్‌స్టైన్ అమెరికా స్థావరం నుంచి. జర్మన్ గడ్డ మీద కూర్చుని మరో దేశంలో మనిషిని చంపాలంటే జర్మన్ ప్రభుత్వానికి చెప్పి అనుమతి తీసుకోవాలి. అడిగితే కాదనవచ్చు, కాదనకపోయినా గుట్టు బయటపడుతుంది. అడగకుండా పని జరిపించుకోవడానికి సాంకేతిక నిపుణులు ఒక ఉపాయం కనిపెట్టారు. ఉపగ్రహంతో మాట్లాడే పరికరం రామ్‌స్టైన్‌లోనే ఉంటుంది. అక్కడి నుంచి అట్లాంటిక్ సముద్రం కింది ఫైబర్ కేబుల్ గుండా సంకేతాలు అమెరికా చేరతాయి. పైలట్ వర్జీనియాలోని లాంగ్లీలో, సీఐఏ ప్రాంగణంలో పెట్టిన గదిలో కూర్చుంటాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. డ్రోన్ యుద్ధానికి ముఖచిత్రంగా మారిన దృశ్యం మనకు తెలుసు. ఒక పైలట్ ఖండాల అవతల కూర్చుని దాడి చేసి, డ్యూటీ దిగి కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్లిపోతాడు. ఆ ఏర్పాటు దానంతట అదే ఊడిపడలేదు. ఒక మిత్రదేశాన్ని అనుమతి అడిగే పరిస్థితి తప్పించుకోవడానికి తీసుకున్న రాజకీయ నిర్ణయం లోంచి పుట్టింది. యంత్రం రాజకీయాన్ని మార్చిందని తరచూ వింటాం. ఇక్కడ రాజకీయమే యంత్రానికి ఈ రూపం ఇచ్చింది.

మూడో ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. మీట నొక్కేదెవరు? సైన్యమా, సీఐఏనా? విమానం కూలిపోతే ఖర్చు ఎవరి పద్దులో రాయాలన్న దగ్గరే రెండు శాఖలూ గొడవపడ్డాయి. లోతుగా చూస్తే పేచీ డబ్బు గురించి కాదు. 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ రాజకీయ హత్యలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ తర్వాతి అధ్యక్షులు దాన్ని కొనసాగించారు. 2001 జులైలో కూడా ఇజ్రాయెల్‌లోని అమెరికా రాయబారి మార్టిన్ ఇండిక్, పాలస్తీనా నాయకులను గురిపెట్టి చంపడాన్ని తమ దేశం సమర్థించదని బహిరంగంగా చెప్పాడు. అదే వేసవిలో బిన్ లాడెన్ ఉండే ఇంటికి నమూనా ఒకటి అమెరికా ఎడారిలో కట్టి, దాని మీద క్షిపణి ప్రయోగించి చూస్తున్నారు. సెప్టెంబరు 4న జాతీయ భద్రతా ప్రముఖులు సమావేశమైనప్పుడు, సాయుధ విమానాన్ని తన సంస్థ నడపడం తగునా అని సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్ సందేహపడ్డాడు. నిర్ణయం వాయిదా పడింది. సరిగ్గా వారానికి న్యూయార్క్ జంట సౌధాలు కూలిపోయాయి. ఆ తర్వాత ఆ సందేహాన్ని ఎవరూ గట్టిగా పైకి చెప్పలేదు.

సెప్టెంబరు 14న అమెరికా కాంగ్రెస్ సైనిక బల ప్రయోగానికి అనుమతినిస్తూ తీర్మానం చేసింది. అందులోని అసలు వాక్యం అరవై మాటలే. ఏ దేశం మీద, ఎంతకాలం, ఏ హద్దుల్లో అన్నది లేదు. ప్రతినిధుల సభలో 420 మంది అవునన్నారు. కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ ఒక్కరే కాదన్నారు. ఆమె భయపడింది హద్దుల్లేని అనుమతి గురించే. తర్వాత ఇరవై ఏళ్లలో అనేక దేశాల్లో జరిగిన దాడులకు ప్రభుత్వాలు ఆ వాక్యాన్నే ఆధారంగా చూపాయి.

అక్టోబరు 7 రాత్రి ప్రెడేటర్ తాలిబాన్ అధినేత ముల్లా ఒమర్‌వని భావించిన వాహనాలను వెంబడించింది. విమానం నడిపేవాళ్లు లాంగ్లీలో ఉన్నారు. ఆజ్ఞ ఇవ్వాల్సిన జనరల్ టామీ ఫ్రాంక్స్ ఫ్లోరిడాలో ఉన్నాడు. వైమానిక దాడులను పర్యవేక్షించే అధికారులు సౌదీ అరేబియాలో ఉన్నారు. అందరూ ఒకే దృశ్యం చూస్తున్నారు. ఎవరి మాట చెల్లుతుందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆ వాహనాలు చేరిన భవనం మీద దాడి చేయాలా వద్దా అన్న తర్జనభర్జన నడుమ, బయట నిలిపి ఉన్న ఒక వాహనం మీద క్షిపణి పడింది. సౌదీలోని అధికారులకు ఆ సంగతి తెరమీద పేలుడు చూశాకే తెలిసింది. ఒమర్ తప్పించుకున్నాడు. మీట నొక్కేదెవరన్న ప్రశ్నకు సమాధానం దొరక్కుండానే తొలి దాడి అయిపోయింది.

తర్వాతి ఏడాది యెమెన్‌లో, 2004 జూన్‌లో పాకిస్తాన్‌లోని దక్షిణ వజీరిస్తాన్‌లో దాడులు మొదలయ్యాయి. వజీరిస్తాన్‌లో నెక్ మహ్మద్ అనే సాయుధ నాయకుడు చనిపోతే అది తమ పనేనని పాకిస్తాన్ సైన్యం చెప్పుకుంది. అమెరికా నోరు మెదపలేదు. ఈ మౌనం ఇద్దరికీ లాభించింది. 2008లో ప్రధాని గిలానీ, సరైనవాళ్లను కొడుతున్నంతకాలం తనకు అభ్యంతరం లేదని, పార్లమెంటులో నిరసన తెలిపి ఊరుకుంటామని అన్నట్టు అమెరికా రాయబారి పంపిన సందేశం తర్వాత వికీలీక్స్ ద్వారా బయటపడింది. తమ నేల మీద పడే క్షిపణి గురించి తమ ప్రధాని సొంత పార్లమెంటులో ఒకటి, పరాయి రాయబారి ముందు ఒకటి చెబుతుంటే, ఆ కొండల్లో బతికే రైతు ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి?

2011 మార్చి 17న ఉత్తర వజీరిస్తాన్‌లోని దత్తా ఖేల్‌లో పెద్దలు జిర్గా కూర్చారు. క్రోమైట్ గని మీద రెండు తెగల తగవు తీర్చడానికి జరిగిన పంచాయతీ అది. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర గట్టు తగాదా తీర్చుకోవడం లాంటిదే. బస్సులు ఆగే చోట ఆరుబయట గుంపులుగా కూర్చున్నారు. ఆ గుంపుల మీద క్షిపణులు పడ్డాయి. దాదాపు నలభై మంది చనిపోయారు. మృతుల్లో తెగ పెద్దలు, ప్రభుత్వ జీతం తీసుకునే స్థానిక పోలీసులు ఉన్నారు. జిర్గా గురించి సైనిక శిబిరానికి ముందే చెప్పామని బతికినవాళ్లు చెప్పారు. చనిపోయినవాళ్లు సాయుధులేనని అమెరికా అధికారులు పేర్లు చెప్పకుండా పత్రికలకు చెప్పారు. లాహోర్‌లో ఇద్దరిని కాల్చి చంపిన సీఐఏ కాంట్రాక్టరు రేమండ్ డేవిస్‌ను పాకిస్తాన్ విడుదల చేసింది సరిగ్గా దానికి ముందురోజు. ఒకటి వెంట ఒకటి వచ్చిన ఈ రెండు తేదీలను పాకిస్తానీయులు మరిచిపోలేదు.

అదే మార్చిలో లిబియా పాలకుడు గడాఫీ మీద అమెరికా, మిత్రదేశాల యుద్ధం మొదలైంది. నా ఉద్దేశంలో డ్రోన్లు ప్రజాస్వామ్యాన్ని ఎక్కడ తాకాయో అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడే. వియత్నాం అనుభవం తర్వాత 1973లో అమెరికా కాంగ్రెస్ యుద్ధాధికారాల తీర్మానాన్ని నిక్సన్ వీటోను తోసిపుచ్చి మరీ చట్టం చేసింది. అధ్యక్షుడు సేనలను పోరులోకి దింపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలి. 60 రోజుల్లో అనుమతి దొరక్కపోతే విరమించాలి. లిబియా విషయంలో ఆ గడువు మే 20తో ముగిసింది. దాడులు ఆగలేదు. ఏప్రిల్ నుంచే సాయుధ ప్రెడేటర్లు కూడా అక్కడ పనిచేస్తున్నాయి. న్యాయశాఖలోని సలహా విభాగం, పెంటగాన్ ప్రధాన న్యాయాధికారి ఇద్దరూ ఇది చట్టం పరిధిలోకి వస్తుందన్నారు. ఒబామా వాళ్ల మాట పక్కనపెట్టి, రాదన్న వాళ్ల మాట తీసుకున్నాడు. జూన్ 28న విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు హెరాల్డ్ కో సెనేట్ కమిటీ ముందు ఆ వాదన వినిపించాడు. నేల మీద అమెరికా సైనికులు లేరు, ఎదురుకాల్పుల్లో మన ప్రాణాలకు ముప్పు లేదు, లక్ష్యం పరిమితం, కాబట్టి చట్టం చెప్పే అర్థంలో ఇది పోరు కాదన్నది దాని సారాంశం.

ఆ వాదన మొత్తం డ్రోన్ల మీదే నిలబడలేదు, మామూలు యుద్ధ విమానాలు కూడా అందులో ఉన్నాయి. కానీ దాని తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్తే చేరేది డ్రోన్ దగ్గరికే. మనవాళ్లు చనిపోయే అవకాశం లేకపోతే అది యుద్ధం కాదన్నమాట. అవతల చనిపోయేవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా లేరు. 1973 నాటి శాసనకర్తలు సైనికుల శవపేటికలు ఇంటికి రావడం చూసి ఆ చట్టం రాశారు. శవపేటికలు రాని యుద్ధం ఒకటి వస్తుందని వాళ్లు ఊహించలేదు. అక్టోబరు 20న సిర్తే నగరం నుంచి పారిపోతున్న గడాఫీ వాహన శ్రేణిని ఒక ప్రెడేటర్, ఫ్రాన్స్ యుద్ధ విమానాలు ఆపాయి. కాసేపటికి నేల మీద తిరుగుబాటుదారుల చేతిలో గడాఫీ హతమయ్యాడు.

దాడులు చేసినవాళ్లే మృతులను లెక్కపెట్టడం మరో నిర్ణయం. దాడి జరిగినచోట ఉన్న యుద్ధ వయసు మగవాళ్లందరినీ, నిర్దోషులని తర్వాత రుజువైతే తప్ప, సాయుధులుగానే లెక్కిస్తున్నారని 2012లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 2016 జులైలో ఒబామా ప్రభుత్వం తొలిసారి అంకెలు ప్రకటించింది. 2009 నుంచి 2015 దాకా, యుద్ధక్షేత్రాలుగా గుర్తించిన అఫ్ఘానిస్తాన్, ఇరాక్, సిరియాలకు వెలుపల 473 దాడులు జరిగాయి. పౌర మృతులు 64 నుంచి 116 మంది అని ప్రకటించారు. స్వతంత్ర సంస్థల లెక్కలు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఇలా ఏటా లెక్క చెప్పాలన్న ఒబామా ఉత్తర్వులోని భాగాన్ని 2019 మార్చిలో ట్రంప్ రద్దు చేశాడు. డ్రోన్ వల్ల తక్కువమంది చనిపోతారని, ఫిరంగులు, పెద్ద బాంబులతో పోలిస్తే ఇదే నయమని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో నిజం ఉండవచ్చు. నిజమని తేల్చాలంటే లెక్క చూపాలి. లెక్కను దాచి నయమని నమ్మమనడం న్యాయం కాదు.

2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక తెల్ల టయోటా కారును దాదాపు ఎనిమిది గంటలు ఆకాశం నుంచి గమనించి, అందులో పేలుడు పదార్థాలున్నాయని నమ్మి, అది ఇంటి వాకిట్లో ఆగగానే క్షిపణి వేశారు. ఆ కారు నడిపిన వ్యక్తి అమెరికా సహాయ సంస్థ ఉద్యోగి. ఆ రోజు ఇంటికి నీళ్ల డబ్బాలు తెచ్చుకున్నాడు. పదిమంది చనిపోయారు, వాళ్లలో ఏడుగురు పిల్లలు. పొరపాటని పెంటగాన్ సెప్టెంబరు 17న ఒప్పుకుంది. ఎవరినీ శిక్షించబోమని డిసెంబరులో ప్రకటించింది.

ఈ చరిత్ర ఇప్పుడు మన గడప దాకా వచ్చింది. 2018 డిసెంబరులో హైదరాబాద్‌లో ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్, అదానీ సంస్థ కలిసి సైనిక డ్రోన్ల కర్మాగారం తెరిచాయి. 2024 జనవరిలో అక్కడి నుంచే దృష్టి-10 నిఘా డ్రోన్ మన నౌకాదళానికి అందింది. అదే ఏడాది అక్టోబరులో భారత ప్రభుత్వం 31 సాయుధ ఎంక్యూ-9బీ డ్రోన్ల కొనుగోలుకు ఒప్పందం చేసుకుంది. అమ్ముతున్నది ప్రెడేటర్‌ను చేసిన జనరల్ అటామిక్సే. 2025 మే నెలలో భారత్, పాకిస్తాన్ ఒకదాని మీద ఒకటి డ్రోన్లు ప్రయోగించుకున్నాయి. ఒక్క రాత్రే పాకిస్తాన్ 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం తెలిపింది.

అమెరికాకు 1973 చట్టం ఉంది. దాన్ని తప్పించుకోవడానికైనా ఒక ప్రభుత్వ న్యాయవాది సెనేట్ ముందుకొచ్చి, ప్రశ్నలు ఎదుర్కొని, తన వాదనను రికార్డులో పెట్టాల్సి వచ్చింది. యుద్ధానికి దిగేముందు పార్లమెంటు అనుమతి తీసుకోవాలన్న నిబంధన మన రాజ్యాంగంలో లేదు. సాయుధ డ్రోన్‌తో దాడి జరిగితే ఎన్నాళ్లలో సభకు చెప్పాలి, మృతులను ఎవరు లెక్కించాలి అన్నవి ఆ 31 విమానాలు రాకముందే మన ఎంపీలను మనం అడగాలి.