మూడు అరల డబ్బీ

నెగడు దగ్గరికి జరగండర్రా. ఈ రాత్రి చలి అంత తొందరగా వదలదు. సాయంత్రం చిన్నది నన్నొక మాటడిగింది. "తాతా, ఫాదరుగారు తైలం పూస్తే మనిషి చచ్చిపోతాడంట, నిజమేనా?" అని. దానికి జవాబు చెప్పందే నాకు నిద్ర పట్టదు.

నేను ఉపదేశిగా ఈ కొండలు తిరిగిన కాలంలోనూ ఇదే మాట. ఫాదరుగారి సంచిలో అరచేతిలో ఇమిడేపాటి డబ్బీ ఉండేది. దానికి మూడు అరలు. నడకలో ఒలికిపోకుండా ఒక్కో అరలో దూది కూరి, ఆ దూదిని తైలంతో తడిపేవారు. ఒకటి జ్ఞానస్నానానికి సిద్ధపడేవాళ్లకి, ఒకటి రోగులకి, మూడోది క్రిస్మా. ఆ మూడోదాంట్లో పరిమళ ద్రవ్యం కలుపుతారు, మూత తీస్తే వాసన తెలిసేది. జనానికి మాత్రం మూడూ ఒకటే. ఆ డబ్బీ కనపడితే ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకునేవారు.

నూనె అంటే మనకెందుకర్రా భయం? పుట్టిన బిడ్డ మాడుకి ఆముదం పెట్టి, ఒళ్లంతా రుద్ది వేణ్ణీళ్లు పోస్తాం. ఇప్పగింజల నూనెతో దీపం పెట్టుకున్నాం. చలికాలంలో పసుపుపచ్చగా పూసే వలిసె చేల పక్కన ఫోటోలు తీయించుకోడానికి పట్నంవాళ్లు కార్లేసుకుని వస్తారు గానీ, మనకి ఆ గింజలు నూనె కోసం. కీళ్ల నొప్పికి నూనె, పగిలిన మడమలకి నూనె. పుట్టిన దగ్గర్నుంచీ మన ఒంటికి అలవాటైనదాన్నే దేవుడు తన కృపకి గుర్తుగా తీసుకున్నాడు. నేనలాగే నమ్ముతాను.

ఆ తైలం ఎక్కడిదో చెప్తాను, వినండి. ఏటా పవిత్ర వారంలో విశాఖపట్నంలో మేత్రాణులవారు, అంటే బిషప్పుగారు, గురువులందరినీ పిలిచి పూజ చేస్తారు. అసలు రోజు గురువారం పొద్దున్న. దూరం నుంచి వచ్చిన గురువులు ఈస్టరు పండగకి తమ విచారణలకి, అంటే తమ గుళ్లకి, తిరిగి చేరుకోవాలి గదా, అందుకని ఆ వారంలోనే కాస్త ముందు రోజు పెట్టుకోవచ్చు. ఆ పూజలో మూడు తైలాలూ తెస్తారు. క్రిస్మా పాత్ర మీద మేత్రాణులవారు తన ఊపిరి ఊదుతారు. చుట్టూ ఉన్న గురువులు చేయి చాపి ప్రార్థిస్తారు. తర్వాత ఎవరి విచారణ వాటా వాళ్లు పట్టుకెళ్తారు. అలా సముద్రం ఒడ్డు నుంచి నూటపదిహేను కిలోమీటర్ల దాకా ఘాటీ ఎక్కి వచ్చిన తైలం అది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం 1960లలో గానీ పడలేదు. అది కూడా బైలడిల్లా ఇనుప రాయిని ఓడరేవుకి దించడానికి వేసింది. అంతకు ముందు రోడ్డున్నంత దాకా రోడ్డూ, అది ఆగిపోయిన చోటి నుంచి కాళ్లూ.

మన పల్లెకి కరెంటు ఆలస్యంగా వచ్చింది, రోడ్డు ఇంకా ఆలస్యంగా వచ్చింది. తైలం మాత్రం అలా కాదు. పట్నంలో పెద్ద గుడిలో షావుకారు బిడ్డ నడినెత్తిన ఏ పాత్రలోని క్రిస్మా పూశారో, ఆ ఏడాది ఈ గుడిసెల్లో పుట్టిన గదబ బిడ్డకీ, కొండదొర బిడ్డకీ అదే పాత్రలోది పూశారు. క్రీస్తు యాజకుడు, ప్రవక్త, రాజు. ఆయనలో నువ్వూ భాగమే అని ఆ బిడ్డకి చెప్పే గుర్తు అది. సంతలో తూకంలో మోసపోయి, ఆఫీసు మెట్ల దగ్గర గంటలు గంటలు నిలబడిన మన బోటి వాళ్లకి ఆ మాట ఎంతో!

ఈ తీరానికి 1846లో గురువులు వచ్చారు, సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు. సవాయ్ సీమలోని అన్నెసీ నుంచి. వాళ్లదీ కొండల దేశమే. 1886లో విశాఖ మేత్రాసనం అయింది, 2001లో అగ్రపీఠమైంది. ఆ మిషనరీల కాలంలో తైలానికి ఓలివు నూనే కావాలి, ఓలివు మన నేలలో కాయదు. 1970లో రోము నుంచి కొత్త క్రమం వచ్చింది. ఓలివు దొరకని చోట మొక్కల నుంచి తీసిన వేరే నూనె అయినా వాడుకోవచ్చు అని. ఆ లెక్కన మన వలిసె నూనె కూడా పనికొస్తుంది. ఆ సంగతి విన్ననాడు నా ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక చావు భయం సంగతి. నా కుర్రతనంలో రోగికి తైలం పూయడాన్ని అవస్థ అభ్యంగనం అనేవారు. నేను కొవ్వొత్తి పట్టుకుని నిలబడేవాణ్ణి. కళ్లకి, చెవులకి, ముక్కుకి, పెదవులకి, చేతులకి, కాళ్లకి తైలం పూసేవారు. ఒక్కో చోట పూస్తూ దాని వల్ల చేసిన తప్పు మన్నించమని లాటిన్‌లో ప్రార్థన. చివరి ఊపిరి మీద ఉన్నప్పుడే పిలిచేవారు కాబట్టి, పూశాక ఎలాగూ మనిషి పోయేవాడు. నేరం తైలం మీద పడింది. 1972 నవంబరు 30న ఆరవ పౌలు పాపుగారు ఆ పద్ధతి మార్చారు. ఇప్పుడు నుదుటికీ, రెండు అరచేతులకీ పూస్తారు, మనకర్థమయ్యే భాషలో ప్రార్థిస్తారు. జబ్బు బరువెక్కుతోందంటే చాలు, పెద్ద ఆపరేషను ముందైనా, వయసు మీద పడి నీరసించినా అడగొచ్చు. కోలుకుని మళ్లీ పడితే మళ్లీ పూస్తారు. యాకోబుగారి లేఖ ఐదో అధ్యాయంలో ఉన్నదీ అదే. రోగి దగ్గరికి సంఘం పెద్దల్ని పిలవమంటుంది గానీ శవం దగ్గరికి కాదు.

రెండు కొండల అవతల ఒక ఇంట్లో పెద్దాయన జ్వరంతో పడ్డాడు. ఫాదరుగారొస్తే ఆయన జడుసుకుంటాడని కబురు పెట్టనివ్వలేదు ఇంటివాళ్లు. ఆఖరికి పెట్టారు. మేం వెళ్లేసరికి ఏడుపులు. "కాస్తయినా పూయండి బాబూ" అని ముసలమ్మ కాళ్లు పట్టుకుంది. చనిపోయిన దేహానికి ఈ సంస్కారం లేదు. ఫాదరుగారు డబ్బీ తీయలేదు. ఆ పెద్దాయన తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. దారి పొడుగునా మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఇంకొక ఇంట్లో బాలింతకి జ్వరం. డోలీ కట్టేశారు, మోసేవాళ్లు నలుగురూ సిద్ధం. ఆ రోజు ఫాదరుగారు పల్లెలోనే ఉన్నారు. గడప దగ్గరే నుదుటికీ చేతులకీ పూసి, "ఇంక ఆగకండి, ఆసుపత్రికి నడవండి" అని తొందరపెట్టారు. ఆ తల్లి బతికి వచ్చింది. మందులిచ్చారు, నలుగురు మోశారు. వాళ్ల కష్టం పక్కనపెట్టి తైలం వల్లే బతికిందని నేననను. కానీ ఆమే నాతో అన్నది, ఘాటీ దిగుతుంటే తను ఒంటరిదాన్నన్న భయం లేదని. ఆ తైలం ఇచ్చేది ఆ ధైర్యం. ఒంటికి కూడా స్వస్థత ఇవ్వడం, ఇవ్వకపోవడం దేవుడి చిత్తం.

నేను ఉపదేశిని గదా, బిడ్డ ప్రాణం మీదికొస్తే నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వగలిగేవాణ్ణి. అలా ఎవరైనా ఇవ్వొచ్చు. రోగికి తైలం పూయడం మాత్రం గురువు పనే. కాబట్టి నా చేతిలో ఉన్నదల్లా నడక. చీకట్లో, వానలో, ఎన్నిసార్లో ఫాదరుగారి కోసం నడిచాను. ఆ నడకే నా సేవ.

ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఇంట్లో ఎవరైనా మంచం పడితే ముందు నూట ఎనిమిదికి చెయ్యండి, వెంటనే ఫాదరుగారికి చెయ్యండి. మనిషి కళ్లు తెరిచి, ప్రార్థనకి తనే ఆమెన్ చెప్పగలిగి ఉండగానే పిలవండి. నా విషయంలోనూ అంతే.