అస్త్రం, ఉపసంహారం: ఉదయగిరి సీమ నుంచి ఒక ఊహాచరిత్ర

నెల్లూరు జిల్లా పడమటి కొసన, వెలిగొండల దాపున ఉన్న సీతారామపురం, ఉదయగిరి ప్రాంతాన్ని చరిత్రకారులు దుర్గం పేరుతోనే తలుచుకుంటారు. తెలుగువారు నిజంగా వాడిన ఆయుధాల కథలో ఈ సీమకు ఉన్న చోటు అందరికీ తెలిసిందే. తెలుగువారు ఊహించిన ఆయుధాల కథలో కూడా దీనికి గట్టి చోటే ఉంది. అస్త్రయుద్ధాలను తెలుగు చేసిన తిక్కన ఇదే జిల్లాలోని నెల్లూరులో ఉన్నాడు. తెలుగు సినిమాకు కాలయంత్రాన్ని తెచ్చిన సింగీతం శ్రీనివాసరావు 1931 సెప్టెంబరు 21న ఉదయగిరిలో పుట్టారు. ఈ ఇద్దరి మధ్య ఏడు వందల ఏళ్ల దూరం ఉంది. ఆ దూరాన్ని కలిపే ఆలోచన ఒకటుంది. దాన్ని గుర్తించడమే ఈ వ్యాసం పని.

ముందుగా నిజమైన యుద్ధం సంగతి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల అధీనంలో ఉన్న ఉదయగిరిని ముట్టడించాడు. కోట 1514లో గానీ లొంగలేదు. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగిందని, సేనలు నడవడానికి దారి కోసం కొండరాళ్లను పగలగొట్టించారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కోటను కాస్తున్న తిరుమల రౌతరాయలు బందీ అయ్యాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తరలించి, 1515లో ఆలయంలో ప్రతిష్ఠించాడు. అంతటి చక్రవర్తికి కూడా ఈ కొండ మీద విజయం దక్కింది ఓపికతో, రాళ్లు కొట్టే కూలీల చెమటతో, నెలల తరబడి సాగిన దిగ్బంధంతో. ఒక్క బాణంతో సేన మొత్తం కూలిపోవడం కావ్యంలోనే సాధ్యం.

ఆ కావ్యం ఈ జిల్లాలో అప్పటికే రెండున్నర శతాబ్దాల నాటిది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి మంత్రిగా ఉన్న తిక్కన విరాటపర్వం మొదలు చివరి దాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. భారతంలో అస్త్రాలు విరివిగా పేలే పర్వాలన్నీ ఆయన వంతుకే వచ్చాయి. ఆ పర్వాలను వరసగా చదివితే అస్త్రాలకొక శాస్త్రం ఉందని తెలుస్తుంది. ప్రతి అస్త్రానికీ ఒక దేవత, ఒక మంత్రం, దాన్ని పొందే ఒక అర్హత ఉంటాయి. ఆగ్నేయాన్ని వారుణం ఆపుతుంది. ఎంత గొప్ప అస్త్రానికైనా ఒక విరుగుడు ఉంటుంది. ఈ కట్టుబాట్లే ఆ ప్రపంచాన్ని నమ్మదగినదిగా చేశాయి.

మూడు ఘట్టాలు చూద్దాం. మొదటిది ఉత్తరగోగ్రహణం. ఇక్కడ అర్జునుడు సమ్మోహనాస్త్రం వేసి కౌరవ వీరులను స్పృహ తప్పేలా చేస్తాడు. ఉత్తరుడు రథం దిగి, చెల్లెలి బొమ్మపొత్తికల కోసం వాళ్ల వస్త్రాలు తీసుకుంటాడు. ఆ అస్త్రానికి విరుగుడు తెలిసిన భీష్ముడి జోలికి మాత్రం పోవద్దని అర్జునుడు ముందే హెచ్చరిస్తాడు. రెండోది ద్రోణపర్వంలోని నారాయణాస్త్రం. తండ్రి మరణంతో మండిపోతున్న అశ్వత్థామ దాన్ని పాండవ సేన మీద వదులుతాడు. ఎదిరించేకొద్దీ అది పెరుగుతుంది. ఆయుధాలు కింద పెట్టి, వాహనాలు దిగి నిలబడినవారిని ముట్టుకోదు. శ్రీకృష్ణుడు చెప్పిన ఈ ఉపాయాన్ని అందరూ పాటించినా భీముడు మాత్రం వినడు. చివరికి కృష్ణార్జునులు అతన్ని రథం మీది నుంచి కిందికి లాగాల్సి వస్తుంది.

మూడోది సౌప్తికపర్వంలోది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపి పారిపోయిన అశ్వత్థామ, భీముడు వెంటపడేసరికి ఒక గడ్డిపరకను మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం ప్రయోగిస్తాడు. దానికి ఎదురుగా అర్జునుడూ అదే అస్త్రం వేస్తాడు. లోకాలు కాలిపోతాయని వ్యాసనారదులు రెండు మంటల నడుమ వచ్చి నిలబడతారు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకు ఆ విద్య లేదు. వెనక్కి పిలవలేని అస్త్రాన్ని అతడు ఉత్తర గర్భం మీదికి మళ్లిస్తాడు. పుట్టబోయే బిడ్డ దానికి గురి అవుతాడు. కృష్ణుడు ఆ బిడ్డను బతికిస్తాడు, అశ్వత్థామకు మూడు వేల ఏళ్ల ఒంటరి సంచారాన్ని శాపంగా ఇస్తాడు. ప్రయోగం తెలిసినవాడికీ ఉపసంహారం తెలిసినవాడికీ మధ్య ఉన్న తేడాను ఇంత స్పష్టంగా చూపిన ఘట్టం ఏ భాషలోనైనా అరుదు.

పడమటి దేశాల్లో ఇలాంటి ఊహ యంత్రాల రూపంలో వచ్చింది. హెచ్. జి. వెల్స్ 1898లో పుస్తకంగా వచ్చిన నవలలో అంగారకవాసుల చేతికి మనుషులను కాల్చే ఉష్ణకిరణాన్ని ఇచ్చాడు. నిజమైన లేజర్‌ను థియోడర్ మైమన్ వెలిగించింది 1960లో. 1966లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన స్టార్ ట్రెక్‌లో ఫేజర్ అనే కిరణాయుధం ఉంది. దాన్ని చంపడానికీ వాడవచ్చు, మనిషిని స్పృహ తప్పించి వదిలేయడానికీ వాడవచ్చు. ఆ కథల్లోని ఫోటాన్ టార్పెడో పదార్థం, ప్రతిపదార్థం కలిసి పేలే ఆయుధం. దాన్ని అడ్డుకోవడానికి నౌకల చుట్టూ శక్తికవచాలు ఉంటాయి. విరాటపర్వం చదివిన తెలుగు పాఠకుడికి ఇవేవీ కొత్తగా అనిపించవు. సమ్మోహనం, ప్రత్యస్త్రం, కవచం అనే ఏర్పాట్లు అతనికి చిన్నప్పటి నుంచి తెలిసినవే. ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని చెప్పడానికి ఆధారం లేదు. కల్పిత యుద్ధాన్ని నమ్మించాలంటే హద్దులు గీయాలన్న సంగతిని రెండు సంప్రదాయాలూ విడివిడిగా కనిపెట్టాయి.

తెలుగు వినికిడిలో ఉన్న అస్త్రం తోలుబొమ్మలాటలో, వీధినాటకంలో, పద్యనాటకంలో కంటికి కనిపించింది. సినిమా దాన్ని ఆకాశానికి ఎక్కించింది. 1957లో కె. వి. రెడ్డి తీసిన మాయాబజార్‌లో అభిమన్యుడు, ఘటోత్కచుడు ఒకరినొకరు ఎరగక తలపడతారు. మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం ఆ మాయలకు ప్రాణం పోసింది. కంప్యూటర్ లేని ఆ రోజుల్లో ఇలాంటి దృశ్యాలకు కెమెరా ఆపి తీయడం, ఒకే ఫిల్మును మళ్లీ మళ్లీ ఎక్స్‌పోజ్ చేయడం, మాస్కులు వాడటం లాంటి పద్ధతులే దిక్కు. ఆ చిత్రానికి కె. వి. రెడ్డి దగ్గర సహాయకులుగా పనిచేసిన యువకుల్లో సింగీతం ఒకరు. పురాణంలోని అద్భుతాన్ని తర్కం చెడకుండా తెరకెక్కించడం ఆయన అక్కడ నేర్చుకున్నారు.

1991లో ఆయన తీసిన ఆదిత్య 369లో ఆ శిక్షణ కనిపిస్తుంది. వెల్స్ కాలయంత్రం నుంచి స్ఫూర్తి పొందిన ఈ కథలో నాయకుడు మొదట 1526 నాటి కృష్ణదేవరాయల కొలువుకు వెళతాడు. ఉదయగిరిని జయించిన రాజును ఉదయగిరిలో పుట్టిన దర్శకుడు తెర మీద చూపించాడు. తర్వాత యంత్రం 2504కు వెళుతుంది. అక్కడ మూడో ప్రపంచయుద్ధం ముగిసి ఉంటుంది, అణుధార్మికత వల్ల మనుషులు నేల కింద బతుకుతుంటారు. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారన్నది కథకు అక్కరలేదు. వెనక్కి పిలవలేని ఆయుధాలు ఏమి మిగిల్చాయో అదే చూపించింది. సౌప్తికపర్వంలో వ్యాసనారదుల భయం ఇక్కడ నిజమైంది.

2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రం కల్కి 2898 ఏడీకి సింగీతం మార్గదర్శిగా ఉన్నారు. శక్తిఆయుధాలు, ఎగిరే వాహనాలు నిండిన ఆ ప్రపంచం అశ్వత్థామతోనే మొదలవుతుంది. ఒకప్పుడు గర్భం మీద అస్త్రం వేసినవాడికి, రాబోయే కల్కిని మోసే తల్లిని కాపాడటమే విముక్తి మార్గంగా కృష్ణుడు చూపిస్తాడు. ఉపసంహారం చేతకాని ఒక్క క్షణానికి వేల ఏళ్ల కాపలా ప్రాయశ్చిత్తమైంది. సినిమా హంగులు ఎంత కొత్తవైనా ఈ కథకు వేరు తెలుగు భారతంలో ఉంది.

ఊహ ఇలా సాగుతుండగా తెలుగు నేల మీదే నిజమైన ఆయుధాలు అస్త్రాల పేర్లు పెట్టుకున్నాయి. విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకాదళ సాంకేతిక ప్రయోగశాల వరుణాస్త్ర అనే బరువైన టార్పెడోను రూపొందించింది. 2016 జూన్‌లో అది నౌకాదళానికి అందింది. సుమారు ఒకటిన్నర టన్నుల బరువు, 250 కిలోల పేలుడు పదార్థం దాని కొలతలు. భారత్ డైనమిక్స్ దాన్ని తయారు చేస్తోంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షాక్షేత్రంలో, హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ కేంద్రం చెస్ రూపొందించిన లేజర్ ఆయుధాన్ని ప్రయోగించి చూపారు. వాహనం మీద అమర్చిన 30 కిలోవాట్ల ఆ కిరణం డ్రోన్లను కూల్చింది. వెల్స్ ఊహకు 127 ఏళ్ల తర్వాత ఉష్ణకిరణం రాయలసీమ ఆకాశంలో పనిచేసింది.

ఈ ఇంజనీర్ల ప్రతిభ గౌరవించదగ్గది. అయితే పేరు వచ్చినా పురాణంలోని షరతు మాత్రం యంత్రానికి రాలేదని చెప్పడం చరిత్రకారుడి బాధ్యత. అభ్యాసానికి వదిలిన టార్పెడోను సముద్రంలో వెతికి తెచ్చుకోవచ్చు. యుద్ధంలో తగిలిన దాన్ని ఏ మంత్రమూ వెనక్కి తేలేదు. యంత్రంలో లేని ఉపసంహారం దాన్ని ప్రయోగించే మనిషిలో, ఆజ్ఞ ఇచ్చే వ్యవస్థలో ఉండాలి. ఇది తిక్కన కాలం నుంచి తెలుగు కల్పన మనకు నేర్పుతూ వచ్చిన పాఠం. కొత్త తరం రచయితలు, దర్శకులు ఎన్ని కిరణాలనైనా, ఎన్ని టార్పెడోలనైనా ఊహించవచ్చు. ప్రతి ఆయుధంతో పాటు దాన్ని ఆపగల మనిషిని కూడా ఊహించినప్పుడే ఆ కథ ఈ సంప్రదాయానికి వారసురాలవుతుంది.