జొన్నకూడు, వరన్నం: రుచి ఎవరిది?

ప్రజల అభిరుచులు ఎందుకు మారతాయి? జిహ్వకో రుచి అనేసి ఊరుకోవటం సులభం. కాని ఒక మనిషి నాలుక సంగతి వేరు. ఒక సీమ జనమంతా ఒకటి రెండు తరాలలో ఒక ధాన్యం విడిచి మరొక ధాన్యానికి మళ్లటం వేరు. దీనికి కారణాలు చరిత్రలో వెతకాలని నా అభిప్రాయం.

పలనాడునే చూడండి. అక్కడి జొన్నకూటిని వెక్కిరించే చాటువులు శ్రీనాథుడి పేర చెలామణిలో ఉన్నాయి. వాటిలో నాకు వినిపించేది రాజాస్థానపు భోజనపంక్తి రుచి. పలనాటి రైతు మాత్రం, ఇష్టమున్నా లేకున్నా, వానకు పండే మెట్టనేల ఇచ్చిన గింజ తిన్నాడు. పేదకు వరన్నం పండగనాటి తిండి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి డెల్టాలో మాగాణి పెరిగింది. పలనాటికి మాత్రం 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలినాకనే ఆ అవకాశం కలిగింది.

కాలువతోనే కథ ముగియలేదు. జొన్నకూ మద్దతు ధర ప్రకటించారు. కాని సర్కారు కొనుగోళ్లలో అధికభాగం వరికీ గోధుమకే దక్కింది. 1983లో రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వటంతో కాలువ లేని మెట్టపల్లెకూ వరన్నం అందింది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ముతకధాన్యాలను కిలో రూపాయికే ఇవ్వాలన్నది. మన చౌకదుకాణాలలో ప్రధానంగా దొరికింది మాత్రం బియ్యమే.

ఇది చూసి పేదలు సోమరులైపోయారనీ, పూర్వుల తిండి మరిచారనీ నిందించే పెద్దమనుషులున్నారు. ఇంతకన్న అన్యాయం లేదు. కొర్రలు దంచటం, జొన్నలు విసరటం ఎవరి చాకిరీ? ఆడవారిది. కూలికి పోయి పొద్దుగూకి ఇల్లు చేరిన స్త్రీకి మరబియ్యం ఇచ్చింది రుచి ఒక్కటే కాదు, కాస్త విశ్రాంతి కూడా.

మరి నేడో? ముతకధాన్యాలకు 2018లో కేంద్రం పోషకధాన్యాలని పేరు పెట్టింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నపు అంగళ్లలో అందమైన పొట్లాలకెక్కిన కొర్రలు సన్నబియ్యం కన్న ప్రియం. పేదవాడి కూడు కలవాడి పథ్యమయింది. గింజ మారలేదు, పంక్తి మారింది.

పాతతిండికి మళ్లండని పేదలకు ఉపదేశించేవారితో నేను చెప్పేదొకటే. మెట్టరైతు జొన్నను గిట్టుబాటు ధరకు కొనండి. చౌకదుకాణంలో దానికి చోటివ్వండి. ఊరూరా పొట్టు తీసే మర పెట్టండి. ప్రజల అభిరుచి ఏమిటో ఆ తరువాత అడగండి.