డిజైన్ల భద్రతకూ ఒక పద్దు కావాలి

పోచంపల్లి చీర మీది బొమ్మ మగ్గం ఎక్కకముందే నూలు మీద రూపు కడుతుంది. ముందుగా గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుతారు. ఆ లెక్క ప్రకారం ఆసు పోసిన (మేకుల చుట్టూ వరుసగా చుట్టిన) నూలుకు గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలు బిగించి, అద్దకం వేస్తారు. ఏ గడికి ఏ రంగన్న లెక్కే ఈ కళకు ప్రాణం. ఆ లెక్కను దాచుకునే తీరు కాలంతో పాటు మారుతూ వచ్చింది.

మొదట్లో అది నేతగాడి జ్ఞాపకంలోనే ఉండేది. ఇలాగే నూలుకు ముందే రంగు అద్ది నేసే చీరాల తేలియా రుమాళ్ల పనితనం గత శతాబ్దిలో నల్లగొండ పల్లెల్లో వేళ్లూనుకుంది. పుట్టపాకలో దాన్ని నిలబెట్టిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ దక్కింది. లెక్క జ్ఞాపకంలోనే ఉన్న రోజుల్లో డిజైన్ నిలవాలంటే పెట్టెలో ఒక పాత గుడ్డ, ఇంట్లో పని నేర్చిన వారసుడు ఉంటే చాలు.

అంచుల నేతకు జకార్డు వచ్చాక లెక్క అట్టల మీదికి ఎక్కింది. 1804 నాటి ఈ ఫ్రెంచి పరికరంలో అట్టకున్న చిల్లే ఏ పోగు లేవాలో చెబుతుంది. 1839లో దాన్ని రూపొందించిన జకార్డు చిత్రపటాన్ని పట్టు మీద నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. ఆ చిల్లుల ఆలోచనే తర్వాత కంప్యూటర్లకు దారి చూపింది. అట్ట చిరిగితే కంటికి కనిపిస్తుంది, మళ్లీ కొట్టుకోవచ్చు.

మన దగ్గర ఆసు పనికి 1999లో చింతకింది మల్లేశం యంత్రం తయారుచేశారు. గ్రాఫ్ కూడా క్రమంగా కంప్యూటర్ తెర మీదికి చేరింది. రంగులు మార్చి చూసుకోవడం క్షణాల పనైంది. కష్టం తగ్గినా కొత్త ముప్పు వచ్చింది. ఫైలు చెడినా పైకి తెలియదు. సాఫ్ట్‌వేర్ పాతబడితే చెడని ఫైలు కూడా తెరుచుకోదు.

ఈ ముప్పును ప్రపంచం ముందే చవిచూసింది. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమీగా కంప్యూటర్ మీద వేసిన బొమ్మలు ఫ్లాపీల్లోనే ఉండిపోయాయి. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ క్లబ్బు సభ్యులు శ్రమపడి వాటిని బయటికి తీశారు. న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం షు లియా చాంగ్ వెబ్ కళాకృతి ‘బ్రాండన్’కు కోడ్ స్థాయిలో మరమ్మతు చేయించి 2017లో మళ్లీ చూపింది. వాయిదా వేసిన ఖర్చు చివరికి మరమ్మతు ఖర్చుగా మీద పడుతుందని ఈ రెండూ చెబుతున్నాయి.

డిజిటల్ వారసత్వ పరిరక్షణ పత్రాన్ని యునెస్కో 2003లో ఆమోదించింది. మన భౌగోళిక గుర్తింపు చట్టం అమల్లోకి వచ్చిందీ ఆ ఏడాదే. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలు, 2020లో తేలియా రుమాలు ఆ గుర్తింపు పొందాయి. అది పేరును కాపాడుతుంది, హార్డ్ డిస్కులోని డిజైన్‌ను కాపాడదు.

ఏటా సంరక్షణ లేనిదే ఏదీ నిలవదన్నది పాలమూరు, నల్లగొండ రైతులకు కొత్త పాఠం కాదు. చెరువు తవ్వించి ఊరుకుంటే నీళ్లు నిలవవు, కట్టనూ తూమునూ ఏటా చూసుకోవాలి. డిజైన్ ఫైళ్లకూ ఏటా ఖర్చు ఉంటుంది. మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఏడాదికోసారి తెరిచి చూసే మనిషికి జీతం. డిస్కుల మార్పిడి. ఎవరైనా తెరవగల ఫార్మాట్లోకి మార్చే పని. ఫైలుతో పాటు ఒక గుడ్డ నమూనా, నూలు నంబరు, రంగుల పాళ్లు, వేసిన వారి పేరు, వాడుక హక్కుల వివరం కూడా ఉండాలి. అవి లేని ఫైలు బొమ్మను చూపగలదు గానీ, చీరను తిరిగి నేయించలేదు.

అందుకే సహకార సంఘాలు, చేనేత శాఖ డిజైన్ తయారీకి అంచనా వేసేటప్పుడే భద్రత ఖర్చును విడి పద్దుగా రాయాలి. కంప్యూటర్ కొనడానికి ఒకసారి డబ్బిస్తే చాలదు, ఆ పద్దు ఏటా కొనసాగాలి. ఈ ఏడాది బడ్జెట్‌లోనే దాన్ని మొదలుపెట్టాలి.