ఏజెన్సీలో రక్తహీనత – కొంత పూర్వచరిత్ర

ఏజెన్సీలో ఉద్యోగం చేసి వచ్చిన మన సభ్యులు తరచు అనే మాట ఒకటుంది: "వాళ్లకి తినడం తెలియదండీ, బిళ్ళలిస్తే మింగరు." ఈ మాట సబబు కాదని నా అభిప్రాయం. రంపచోడవరం ప్రాంతంలో ఏడేళ్లు పనిచేసిన అనుభవంతోనూ, పదవీ విరమణ తరువాత చదువుకున్న కాస్తతోనూ నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

కొండరెడ్లకు ఒకప్పుడు తిండి పోడులోంచి వచ్చేది. ఒకే కొండచెక్కలో రాగి, సామ, జొన్న, కంది కలిపి వేసేవారు. ఒకటి పోతే మరొకటి చేతికందేది. అడవిలో దుంపలు, ఆకుకూరలు, వేట మాంసం ఉండేవి. అయినా ఆషాఢ శ్రావణాలు గడ్డునెలలే. అప్పుడు జీలుగు మానులోని పిండి, మామిడి టెంకల అంబలి ఆదుకునేవి. 1945లో వెలువడిన హైమెన్‌డార్ఫ్ గారి కొండరెడ్ల గ్రంథంలో ఇవన్నీ ఉన్నాయి. టెంకలోని జీడిని దంచి, నీళ్లలో నానబెట్టి, వగరు పోగొట్టి వండుకోవాలి. తినడం తెలియనివారు చేసే పనేనా ఇది?

ఆ తిండికి గండి పడింది దొరల కాలంలోనే. 1879 నాటి రంప పితూరీకి కారణాలలో జీలుగు కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు ముఖ్యమైనవి. కల్లంటే మనకు వ్యసనం, వారికి అది కొన్ని నెలల ఆహారం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు హద్దులు పడ్డాయి, తాతల నాటి పోడు నేరమైంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారి కోపంలో ఇదీ ఒక పాలు. పోడు తగ్గినకొద్దీ షావుకారు దగ్గర నాముకు గింజలు తెచ్చుకోవడం, పంట కల్లంలోనే బాకీకి చెల్లిపోవడం మామూలయ్యాయి. ఆ పట్టు విడిపించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. ఆకలి తగ్గింది, కాదనను. కాని వంద గ్రాముల రాగుల్లో ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములుంటే మరపట్టిన బియ్యంలో ఒకటి కూడా ఉండదు. కాల్షియం రాగుల్లో 350 దాకా, బియ్యంలో పది దాటదు. రాగిలోని ఇనుమంతా ఒంటికి పట్టదనుకోండి, అయినా తేడా తేడాయే. పైగా మలేరియా, కొంకిపురుగులు, వరస కాన్పులు. కొన్ని తెగల్లో సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది. అది పుట్టుకతో వచ్చేది, ఐరన్ బిళ్ళతో నయం కాదు. దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023లో గాని మొదలు కాలేదు.

ఇక బిళ్ళల సంగతి. గర్భిణులకు ఐరన్ బిళ్ళలిచ్చే పథకం 1970లో వచ్చింది. పరగడుపున మింగితే కడుపులో తిప్పుతుంది. ఒక ముసలమ్మ నాతో అన్నది: "అంబలి తాగి కోడల్ని మింగమన్నారు బాబూ. అంబలేదీ?" నా దగ్గర జవాబు లేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. గిరిజన స్త్రీలలో అంతకన్నా ఎక్కువ. 2006 అటవీ హక్కుల చట్టం కింద కొందరికి కొండ మీద పట్టాలు దక్కాయి. ఆ వాలుల్లో చాలాచోట్ల ఇప్పుడున్నది రాగి కాదు, జీడిమామిడి. గింజలు సంతకు దిగుతాయి, బియ్యం డిపో నుంచి కొండెక్కుతాయి.