ఆర్‌బీఐ కొత్త రూల్ వస్తోందని ముందే ఎక్కడ తెలుస్తుంది? డ్రాఫ్ట్ నుంచి అమలు తేదీ దాకా

"రేపటి నుంచి బంగారం మీద లోన్ బంద్ అంట", "చెక్కు వేస్తే ఇక మూడు గంటల్లోనే డబ్బులు అంట". ఇలాంటి మెసేజ్‌లు వాట్సాప్‌లో రోజూ చూస్తూనే ఉంటాం. బ్యాంకుల రూల్స్ రాత్రికి రాత్రే మారతాయని చాలామంది నమ్మకం. నిజానికి మన జేబు మీద పడే నిబంధనల్లో ఎక్కువ శాతం అలా రావు. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌బీఐ, నెలల ముందే చెబుతుంది. కాకపోతే ఒకేచోట చెప్పదు, మన భాషలో చెప్పదు. షేర్ మార్కెట్‌లో ఉన్నవాళ్లకు నిమిషాల్లో తెలిసే విషయం, నగలు కుదువ పెట్టే ఇల్లాలికి లోన్ కౌంటర్ దగ్గరకు వెళ్లాక గానీ తెలియదు. ఈ తేడా వల్ల నష్టపోయేది ఎవరో చెప్పనక్కర్లేదు.

అసలు ఆర్‌బీఐ రాబోయే పనుల గురించి ఎక్కడెక్కడ చెబుతుంది, ఏ మాటకు ఎంత విలువ ఇవ్వాలి అనేది చూద్దాం.

మొదటిది అందరికీ తెలిసిన ద్రవ్య పరపతి విధాన సమీక్ష. వడ్డీ రేట్లు నిర్ణయించే కమిటీ ఏడాదిలో కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఆరుసార్లు, అంటే రెండు నెలలకోసారి జరుగుతోంది. ఆ తేదీలను ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ప్రకటిస్తారు. చివరి రోజు ఉదయం 10 గంటలకు గవర్నర్ ప్రసంగం ఉంటుంది. టీవీల్లో రెపో రేటు పెరిగిందా, తగ్గిందా అనే చర్చతోనే ఆ రోజు గడిచిపోతుంది. కానీ అదే రోజు అభివృద్ధి, నియంత్రణ విధానాల ప్రకటన అని ఇంకో పత్రం కూడా విడుదలవుతుంది. "ఫలానా విషయంలో కొత్త నిబంధనలు తెస్తాం, డ్రాఫ్ట్ విడిగా ఇస్తాం" అని అందులో ఉంటుంది. సామాన్యుడికి రెపో రేటు కంటే ఈ రెండో పత్రమే ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం.

రెండోది వార్షిక నివేదిక. ఏటా మే చివర్లో వస్తుంది. చాలా పెద్ద పుస్తకం, మొత్తం ఎవరూ చదవరు, చదవాల్సిన పనీ లేదు. అందులో ప్రతి విభాగం కింద రెండు ముక్కలు ఉంటాయి. పోయిన ఏడాది ఏం చేస్తామని చెప్పారు, అందులో ఏది పూర్తయింది అనేది ఒకటి. వచ్చే ఏడాది ఎజెండా ఏంటి అనేది రెండోది. ఆర్‌బీఐ తన మాట తానే లెక్క చూసుకునే చోటు ఇది. ఇవి కాకుండా "ఉత్కర్ష్" పేరుతో కొన్నేళ్లకు కలిపి వేసే ప్రణాళిక, డిజిటల్ చెల్లింపుల కోసం "పేమెంట్స్ విజన్" లాంటివీ ఉన్నాయి. వాటిలో దిశ తెలుస్తుంది గానీ తేదీలు పెద్దగా దొరకవు.

మూడోది డ్రాఫ్ట్. తెలుగులో ముసాయిదా అంటాం. ఇక్కడే అసలు కథ ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

గోల్డ్ లోన్ రూల్ ఎలా వచ్చింది

2025 ఏప్రిల్ 9న గవర్నర్ సంజయ్ మల్హోత్రా విధాన సమీక్షలో బంగారు రుణాల నిబంధనలు మారుస్తామన్నారు. బ్యాంకులకో రూలు, ఫైనాన్స్ కంపెనీలకో రూలు కాకుండా అందరికీ ఒకే పద్ధతి తేవడం దాని ఉద్దేశం. అదే రోజు డ్రాఫ్ట్ వెబ్‌సైట్‌లో పెట్టారు. అదే రోజు గోల్డ్ లోన్ కంపెనీల షేర్లు పడ్డాయి. అంటే మార్కెట్‌కు సమాచారం అందింది. అభిప్రాయాలు చెప్పడానికి మే 12 దాకా గడువు ఇచ్చారు.

ఆ డ్రాఫ్ట్‌లో నగ విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదని, నగ మీదేనని రుజువు ఉండాలని, తీసుకునేవాళ్ల తీర్చే స్తోమత చూడాలని ఉంది. వినడానికి బాగానే ఉంది. కానీ అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కూతురికి వచ్చిన గొలుసుకు రసీదు ఎక్కడి నుంచి తెస్తారు? ఆదాయం పత్రాలు లేకనే కదా చాలామంది నగలు తీసుకుని వెళ్లేది. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ కేంద్రానికి లేఖ రాశారు. మే చివర్లో కేంద్ర ఆర్థిక శాఖ కూడా కల్పించుకుని, చిన్న రుణాలు తీసుకునేవాళ్లకు ఇబ్బంది లేకుండా చూడాలని, 2 లక్షల వరకు మినహాయించాలని సూచించింది.

జూన్ 6న, మళ్లీ విధాన సమీక్ష రోజే, తుది ఆదేశాలు వచ్చాయి. డ్రాఫ్ట్‌కు, దీనికి పోలిక చూడండి. 2.5 లక్షల వరకు రుణానికి నగ విలువలో 85 శాతం, 5 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. తీర్చే స్తోమత లెక్కలు 2.5 లక్షలు దాటితేనే. రసీదు లేకపోతే నగ తమదేనని రాసిచ్చే డిక్లరేషన్ చాలు, యజమాని ఎవరనే అనుమానం లేనంత వరకు. అమలుకు ఆఖరి గడువు 2026 ఏప్రిల్ 1. అంటే మొదటి మాటకు, ఆఖరి గడువుకు మధ్య దాదాపు ఏడాది సమయం ఉంది. మధ్యలో నోరు విప్పినవాళ్ల వల్ల రూల్ మారింది కూడా.

డ్రాఫ్ట్ వచ్చిన ఏప్రిల్, మే నెలల్లోనే "కొత్త రూల్ వచ్చేసింది, 75 శాతమే ఇస్తాం" అని ఎవరైనా కౌంటర్‌లో చెప్పి ఉంటే అది తప్పు. డ్రాఫ్ట్ రూల్ కాదు. అది ఆర్‌బీఐ ఆలోచన మాత్రమే. తుది ఆదేశాలు వచ్చాక కూడా అమలు తేదీ వేరే ఉంటుంది. ఈ మూడింటినీ కలిపేసి చెప్పడమే వాట్సాప్ వార్తల్లో జరిగే మోసం, లేదా అజ్ఞానం.

ఇంకో తిరకాసు ఉంది. 85 శాతం అంటే లక్ష రూపాయల నగకు 85 వేలు చేతికి వస్తాయని కాదు. మధ్యలో ఏమీ కట్టకుండా గడువు చివర్లో అసలు, వడ్డీ కలిపి ఒకేసారి కట్టే లోన్‌ను బుల్లెట్ లోన్ అంటారు. దానికి ఈ 85 వేలలోనే వడ్డీ కూడా ఇమడాలి. ఏడాది గడువు, 10 శాతం వడ్డీ అనుకుంటే చేతికొచ్చేది సుమారు 77 వేలే. పైగా రాళ్లకు విలువ కట్టరు, బంగారానికే కడతారు. ఈ మాట ముందే తెలిస్తే పెళ్లికో, కాలేజీ ఫీజుకో లెక్క వేసుకునేటప్పుడు తేడా రాదు.

ఆ ఆదేశాల్లో చాలామందికి తెలియని మంచి విషయాలు కూడా ఉన్నాయి. నగ బరువు, నాణ్యత మీ ముందే చూడాలి. అప్పు తీరాక 7 పనిదినాల్లో నగ తిరిగి ఇవ్వాలి, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలి. వేలం వేస్తే ముందు మీకు నోటీసు ఇవ్వాలి. షరతులు, ముఖ్యమైన వివరాలు స్థానిక భాషలో గానీ, మీరు కోరుకున్న భాషలో గానీ ఉండాలి. అంటే హైదరాబాద్‌లో ఒకరు తెలుగులో అడగొచ్చు, ఇంకొకరు ఉర్దూలో అడగొచ్చు. చదువు రానివాళ్లకు సంస్థ ఉద్యోగి కాని సాక్షి ముందు వివరించాలి. అప్పు ఇచ్చేవాడు మీ భాషలో మాట్లాడాలని చెప్పిన ఆర్‌బీఐ, అదే రూల్ డ్రాఫ్ట్‌ను మాత్రం ఇంగ్లిష్, హిందీల్లో పెట్టి అభిప్రాయాలు చెప్పమంది. ఇది ఆలోచించాల్సిన విషయమే.

21 రోజులు

ఆ డ్రాఫ్ట్ మీద చర్చ నడుస్తుండగానే, 2025 మే 7న ఆర్‌బీఐ ఇంకో పత్రం ఇచ్చింది. నిబంధనలు తయారుచేయడానికే నిబంధనలు అనుకోండి. దాని ప్రకారం కొత్త రూల్ తెచ్చేముందు డ్రాఫ్ట్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎందుకు తెస్తున్నారో రాయాలి. జనానికి కనీసం 21 రోజుల గడువు ఇవ్వాలి. వీలైనంతవరకు ప్రభావం ఎలా ఉంటుందో అంచనా వేయాలి. తుది రూపం ఇచ్చేటప్పుడు, వచ్చిన అభిప్రాయాలకు మొత్తంగా సమాధానం చెప్పాలి. అభిప్రాయాలు పంపడానికి ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో "కనెక్ట్ 2 రెగ్యులేట్" అనే విభాగం ఉంది. బ్యాంకులు, కంపెనీలే కాదు, ఎవరైనా రాయొచ్చు. బస్తీలోని మహిళా పొదుపు సంఘం రాసినా ఆర్‌బీఐ చూడాల్సిందే. రాసేవాళ్లు ఎక్కువగా కంపెనీలవాళ్లే కావడం వేరే సంగతి.

ఇదే దారిలో వచ్చిన ఇంకో రెండు రూల్స్ గుర్తుపెట్టుకోవాలి. చనిపోయినవాళ్ల ఖాతా, లాకర్ వారసులకు ఇచ్చే పద్ధతి మీద 2025 ఆగస్టులో డ్రాఫ్ట్, సెప్టెంబర్ 26న తుది ఆదేశాలు వచ్చాయి. పత్రాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి, 2026 మార్చి 31 లోపు అన్ని బ్యాంకులూ పాటించాలి. భర్త పోయాక బ్యాంకు చుట్టూ తిరిగే ఆడవాళ్లకు ఈ 15 అనే అంకె చాలా ముఖ్యం. రెండోది, లోన్ ముందే తీర్చేస్తే వేసే చార్జీలు. 2025 ఫిబ్రవరిలో డ్రాఫ్ట్, జూలై 2న తుది ఆదేశాలు. వడ్డీ మారుతూ ఉండే రకం రుణాన్ని వ్యాపారం కోసం వ్యక్తులు, చిన్న పరిశ్రమలు తీసుకుంటే చాలా సందర్భాల్లో ఆ చార్జీ వేయకూడదు. కానీ ఇది 2026 జనవరి 1 నుంచి మంజూరైన, లేదా రెన్యూవల్ అయిన వాటికే. డిసెంబర్‌లో తొందరపడి సంతకం పెట్టినవాళ్లకు, జనవరిలో పెట్టినవాళ్లకు మధ్య తేడా అది. తేదీ తెలిసి ఉండటం అంటే ఇదే.

చెప్పిన తేదీ జరిగినప్పుడు, అసలు చెప్పనప్పుడు

ముందే ప్రకటించిన ప్రతిదీ అనుకున్న రోజున రాదు. చెక్కుల క్లియరింగ్ సంగతే చూడండి. 2025 ఆగస్టులో రెండు దశలు ప్రకటించారు. మొదటి దశ అక్టోబర్ 4న మొదలైంది. చెక్కు అందిన మూడు గంటల్లో బ్యాంకు తేల్చి చెప్పాలనే రెండో దశ 2026 జనవరి 3న రావాలి. డిసెంబర్ చివర్లో ఆర్‌బీఐ దాన్ని వాయిదా వేసింది. ఆగస్టులో తయారైన "మూడు గంటల్లో డబ్బు" మెసేజ్ మాత్రం తిరుగుతూనే ఉంది. మెసేజ్‌లకు వాయిదా ఉండదు కదా.

కొన్ని విషయాలు అసలు ముందు చెప్పరు. 2023 మే 19 సాయంత్రం 2,000 నోట్ల ఉపసంహరణ ప్రకటించారు. అదే ఏడాది నవంబర్ 16న పర్సనల్ లోన్లు, క్రెడిట్ కార్డుల లాంటి అప్పులకు బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని డ్రాఫ్ట్ లేకుండానే ఆదేశించారు. ముందే చెబితే రూల్ వచ్చేలోపే అందరూ ఎగబడతారు, ఉద్దేశం దెబ్బతింటుంది. అత్యవసరమైతే సంప్రదింపులు లేకుండా వెళ్లే వెసులుబాటు మే 7 పత్రంలోనూ ఉంది. అందులో తప్పు పట్టడానికి లేదు, అది మినహాయింపుగానే మిగిలినంతకాలం.

ఒకే పట్టిక ఉంటే

బ్రిటన్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. అక్కడి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ, పింఛన్ల నియంత్రణ సంస్థ లాంటివన్నీ కలిసి ఒక ఫోరంగా కూర్చుంటాయి. రాబోయే సుమారు రెండేళ్లలో ఎవరు ఏ నిబంధన తెస్తున్నారు, సంప్రదింపులు ఎప్పుడు, అమలు ఎప్పుడు, సంస్థల మీద ఎంత భారం పడుతుంది అనేదంతా ఒకే పట్టికగా ప్రచురిస్తాయి. 2020 మేలో మొదలైంది. కరోనా సమయంలో ఒకేసారి పది చోట్ల నుంచి ఆదేశాలు మీద పడకుండా అది పనికొచ్చింది.

మన దగ్గర బ్యాంకులకు ఆర్‌బీఐ, షేర్లకు సెబీ, బీమాకు మన హైదరాబాద్‌లోనే ఉన్న ఐఆర్‌డీఏఐ. ఎవరి వెబ్‌సైట్ వాళ్లది, ఎవరి డ్రాఫ్ట్ వాళ్లది. నిబంధనల తయారీలో ప్రజాభిప్రాయం తీసుకోవాలని 2023-24 కేంద్ర బడ్జెట్‌లోనే చెప్పారు. డ్రాఫ్ట్‌ల వరకు అది బాగానే నడుస్తోంది. ముందస్తు పట్టిక మాత్రం లేదు. ఇంటి పెద్ద ఒకరే బ్యాంకు లోన్, బీమా పాలసీ, మ్యూచువల్ ఫండ్ మూడూ చూసుకోవాల్సి ఉంటుంది, నియంత్రణ సంస్థలు మాత్రం మూడు. పట్టిక వేయడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఒక విషయంలో మాత్రం ఆర్‌బీఐని మెచ్చుకోవాలి. దశాబ్దాలుగా పేరుకుపోయిన 9 వేలకు పైగా సర్క్యులర్లను జల్లెడ పట్టి, 2025 నవంబర్ 28న 244 మాస్టర్ డైరెక్షన్లుగా కుదించింది. ఏ రకం బ్యాంకుకు ఏది వర్తిస్తుందో విడివిడిగా ఉంది. దీని వల్ల ఒక చిన్న చిక్కు: ఎవరైనా పాత సర్క్యులర్ నంబర్ చూపించి మాట్లాడితే, అది ఇప్పటికే రద్దయి ఆ విషయం కొత్త డైరెక్షన్‌లోకి చేరి ఉండొచ్చు.

కాబట్టి ఏదైనా కొత్త రూల్ గురించి విన్నప్పుడు అడగాల్సినవి ఇవి. ఇది డ్రాఫ్టా, ఫైనలా? ఏ తేదీ నుంచి? నా పాత లోన్‌కు వర్తిస్తుందా, కొత్తదానికేనా? గోల్డ్ లోన్ విషయంలో, సంస్థ కొత్త పద్ధతికి మారకముందు మంజూరైన రుణాలు పాత రూల్స్ కిందే నడుస్తాయి. కౌంటర్‌లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ టోల్ ఫ్రీ నంబర్ 14448 ఉంది. ఫిర్యాదు ఎలా చేయాలో కూడా అక్కడ చెబుతారు. ఫోన్ చేసేముందు లోన్ మంజూరైన తేదీ, సంస్థ పేరు ఉన్న కాగితం చేతిలో పెట్టుకోండి.